నలభై ఏళ్ల స్పీకర్లకు కెపాసిటర్లన్నీ మార్చాలా, కొలిచి చెడినవే మార్చాలా?

టీనగర్_త్రీవే

1980 ప్రాంతపు జపాన్ తయారీ జత. సీల్డ్ బాక్స్, 10 అంగుళాల పేపర్ కోన్ వూఫర్, 4 అంగుళాల మిడ్, 1 అంగుళం డోమ్ ట్వీటర్, ముందు మిడ్‌కీ ట్వీటర్‌కీ చెరో ఎల్-ప్యాడ్ (లెవెల్ తగ్గించే నాబ్). వూఫర్ అంచు ఫోమ్ వేలు తగిలితే పొడిపొడిగా రాలుతోంది, అది మార్చక తప్పదు. నా ప్రశ్న క్రాసోవర్ (శబ్దాన్ని వూఫర్, మిడ్, ట్వీటర్లకి పంచే సర్క్యూట్) గురించి. ఒక్కో కెపాసిటర్‌కి ఒక కాలు విప్పి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఎల్‌సీఆర్ మీటర్ పెడితే వచ్చిన లెక్కలు ఇవి.

ట్వీటర్ సిరీస్ 3.3 మైక్రోఫారడ్: ఎడమ 3.9, ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) 0.7 ఓమ్. కుడి 3.4, 0.4 ఓమ్.
మిడ్ సిరీస్ 22: ఎడమ 25.8, కుడి 25.1, రెండిటికీ 0.4 ఓమ్.
వూఫర్ షంట్ (వూఫర్‌కి ప్యారలల్‌గా ఉన్నది) 33: ఎడమ 38, కుడి 39, రెండిటికీ 0.35 ఓమ్.

అన్నీ నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలైటిక్‌లే. ఉబ్బలేదు, కారలేదు. ఆరూ మార్చెయ్యమని ఒకరంటారు, ముట్టుకుంటే ఆ పాత సౌండ్ పోతుందని ఇంకొకరంటారు. మీ మాట ఏంటి, ఎందుకు?

పెరంబూర్_రీక్యాప్

ఆరూ మార్చండి. ఎలక్ట్రోలైటిక్ లోపల తడి ఉంటుంది, అల్యూమినియం రేకు మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే ఆ పొర పల్చబడుతుంది, విలువ పైకి పోతుంది, లీకేజీ పెరుగుతుంది. రబ్బరు బిరడా ఎండితే తడి తగ్గి ఈఎస్ఆర్ ఎక్కుతుంది. మీ రీడింగుల్లో అన్నీ పైకే ఉన్నాయి, అది వయసు గుర్తు. మద్రాసు ఎండల్లో నలభై ఏళ్లు గడిచిన ఎలక్ట్రోలైటిక్ ఈరోజు బాగా కొలతకొచ్చినా, వచ్చే వేసవికి అలాగే ఉంటుందని ఎవరు చెప్పగలరు? ఫోమ్ కోసం వూఫర్ ఎలాగూ బయటికి తీస్తున్నారు. మళ్లీ ఆ స్క్రూలు విప్పే పని పెట్టుకోకండి. పాత పార్టికల్ బోర్డులో స్క్రూ రంధ్రాలు విప్పినకొద్దీ వదులవుతాయి.

పని పద్ధతి: ముందు బోర్డు ఫొటో నాలుగు వైపుల నుంచి. ఒక కెపాసిటర్ తీసి, అక్కడే కొత్తది పెట్టి, తర్వాతే రెండోది. ఆరూ ఒకేసారి పీకితే ఏ వైరు ఎక్కడిదో తెలీదు. వోల్టేజ్ రేటింగ్ పాతది 50 అయినా కొత్తది 100 తీసుకోండి.

అడయార్_ఆల్నికో

పెరంబూర్ గారి మాట సగమే ఒప్పుకుంటాను. 22లు, 33లు చూడండి. నాలుగూ 14 నుంచి 18 శాతం పైన, రెండు బాక్సుల్లోనూ దాదాపు ఒకేలా. వయసు వల్ల పాడైన కెపాసిటర్లు ఇంత కలిసికట్టుగా నడవవు. ఆ రోజుల్లో ±20 శాతం నాన్-పోలార్‌లు మామూలే. ఫ్యాక్టరీకి వచ్చిన లాట్ అంతా ఎగువన ఉండి, ఇంజినీరు ఆ లాట్‌తోనే చెవి పెట్టి సర్దుబాటు చేసి ఉండొచ్చు. ఇప్పుడు మీరు కచ్చితంగా 22.0, 33.0 పెడితే కాగితం మీద సరిపోతుంది, అసలు స్పీకర్‌కి దూరమవుతుంది. తేడాగా ఉన్నది ఒక్క ఎడమ 3.3. ట్వీటర్‌వి రెండూ జతగా మార్చండి, మిగతావి వదిలేయండి.

ఇంకో మాట. ఫోమ్, ఎల్-ప్యాడ్ క్లీనింగ్, టెర్మినళ్లు, కెపాసిటర్లు అన్నీ ఒకే ఆదివారం చేసేసి "కెపాసిటర్లు మార్చగానే ప్రాణం వచ్చింది" అని రాసేవాళ్లు చాలామంది. ఆ ప్రాణం తొంభై శాతం ఎల్-ప్యాడ్‌దే. ఉప్పుగాలికి లోపలి ట్రాక్ నల్లబడి ట్వీటర్ సగం మూగబోయి ఉంటుంది. ఏఆర్-3ఏ లాంటి పాత అమెరికన్ స్పీకర్లలో అలాంటి లెవెల్ నాబ్‌ల తుప్పు ప్రపంచమంతా తెలిసిన జబ్బే. అందుకే వరస ముఖ్యం: ముందు ప్యాడ్‌లు, టెర్మినళ్లు. తర్వాత ఫోమ్. రెండు వారాలు వినండి. ఆ తర్వాతే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయండి.

నుంగంబాక్కం_నల్

లెక్క వేసి చూద్దాం, అప్పుడు ఏది వినిపిస్తుందో తెలుస్తుంది.

ట్వీటర్ 8 ఓమ్ అనుకుంటే, ఒక్క సిరీస్ కెపాసిటర్‌తో కటాఫ్ (దీని కింద ట్వీటర్ తగ్గుతూ పోతుంది) = 1 / (2 × π × 8 × సి). 3.3కి సుమారు 6,030 హెర్ట్జ్. 3.4కి 5,850. 3.9కి 5,100. కటాఫ్‌కి బాగా కింద, వాలులో రెండు ట్వీటర్ల మధ్య తేడా 20 లాగ్ (3.9/3.4), అంటే 1.2 డెసిబెల్. కటాఫ్‌కి దగ్గరయ్యేకొద్దీ ఇది తగ్గుతుంది, 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఎడమ ట్వీటర్ సుమారు 0.9 నుంచి 0.6 డెసిబెల్ ఎక్కువ మోగుతుంది. గొంతులో శ, ష లాంటి హల్లులు పలికే చోటు ఇదే. కచేరీ రికార్డింగులో గాయని మధ్యలో నిలబడకుండా, హల్లు వచ్చినప్పుడల్లా ఎడమకి జరుగుతుంది. ఇది వినిపించే దోషమే.

అదే పైన, 10 కిలోహెర్ట్జ్ దాటాక, ఈఎస్ఆర్ లెక్కలోకి వస్తుంది. 0.7 ఓమ్‌కి 8/8.7, అంటే మైనస్ 0.73 డెసిబెల్. 0.4కి మైనస్ 0.42. తేడా 0.3. ఇది వినిపించేదీ వినిపించనిదీ మధ్య గీత మీద ఉంటుంది. అంటే ఎడమ స్పీకర్ కింద ఎక్కువ, పైన తక్కువ. బ్యాలెన్స్ నాబ్ తిప్పితే సరికాని తేడా ఇది.

మిడ్‌లో 25.8, 25.1 మధ్య తేడా 0.24 డెసిబెల్. దాని గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు.

పెరంబూర్_రీక్యాప్

నల్ గారూ, 1 కిలోహెర్ట్జ్ ఈఎస్ఆర్‌తో 10 కిలోహెర్ట్జ్ దగ్గర లెక్క కట్టకూడదు. నాన్-పోలార్‌లో ఈఎస్ఆర్ ఫ్రీక్వెన్సీతో తగ్గుతుంది. డీఈ-5000 లాంటి మీటర్‌లో 10 కిలోహెర్ట్జ్ కూడా ఉంది, ట్వీటర్‌వి అక్కడ కొలవాలి. మామూలు మల్టీమీటర్ అయితే కెపాసిటెన్స్ చూపిస్తుంది, ఈఎస్ఆర్ చూపదు. లీకేజీ ఉన్న కెపాసిటర్‌ని ఎక్కువ విలువగా చూపించే మీటర్లూ ఉన్నాయి. ఈ కారణం వల్లే నేను రీడింగు మీద పూర్తిగా ఆధారపడను.

నుంగంబాక్కం_నల్

ఒప్పుకుంటున్నా. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ 0.3 డెసిబెల్ ఇంకా తగ్గవచ్చు. 1.2 మాత్రం తగ్గదు, అది విలువ తేడా నుంచి వచ్చింది.

మైలాపూర్_మోనో

ఫిల్మ్ (ప్లాస్టిక్ పొరతో చేసిన) కెపాసిటర్ పెట్టాలా, మళ్లీ ఎలక్ట్రోలైటిక్ పెట్టాలా అన్నది కూడా ఇక్కడే తేల్చండి. నేను చూసినంతలో కెపాసిటర్లు మార్చాక చెవులకు గుచ్చుకునే స్పీకర్లన్నీ ఫిల్మ్ పెట్టి, దానికి తగ్గట్టు సర్దకుండా వదిలేసినవే. పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌లో ఈఎస్ఆర్ దాదాపు సున్నా. అసలు డిజైన్‌లో కొత్త నాన్-పోలార్‌కి ఉన్న 0.3 ఓమ్ కూడా మాయమవుతుంది, ట్వీటర్ ఆ మేరకు లేస్తుంది. అందుకే సిరీస్‌లో 0.33 ఓమ్ 5 వాట్ వైర్‌వౌండ్ రెసిస్టర్ కలపాలి. షంట్ 33 విషయం ఇంకా జాగ్రత్త. అక్కడ ఈఎస్ఆర్ కాయిల్, కెపాసిటర్ కలిసి ఊగడాన్ని అణుస్తుంది. దాన్ని సున్నా చేస్తే క్రాసోవర్ దగ్గర వూఫర్‌లో చిన్న గుట్ట లేవొచ్చు, అక్కడ ఇంపిడెన్స్ కిందకి దిగొచ్చు. షంట్‌లో నాన్-పోలార్ ఎలక్ట్రోలైటిక్‌కి నాన్-పోలారే. ఖర్చు కోసం చెప్పట్లేదు, సర్క్యూట్ అదే అడుగుతోంది.

అడయార్_ఆల్నికో

మోనో గారు చెప్పిన 0.33 ఓమ్ మంచిదే, ఎల్-ప్యాడ్ లేని స్పీకర్లకి. ఇక్కడ ప్యాడ్ ఉంది. 8 ఓమ్ ఎల్-ప్యాడ్ ఎటు తిప్పినా కెపాసిటర్‌కి 8 ఓమే కనిపిస్తుంది, కటాఫ్ మారదు, లెవెల్ ఒక్కటే తగ్గుతుంది. 0.33 రెసిస్టర్ తగ్గించేది 0.35 డెసిబెల్, ప్యాడ్ ఒక వెంట్రుక వాసి తిప్పితే అదే పని. అయితే అది నిజంగా ఎల్-ప్యాడా, రెండు కాళ్ల రియోస్టాటా అన్నది విప్పి చూడండి. మూడు ట్యాగ్‌లుండి ఒకటి గ్రౌండ్‌కి పోతే ప్యాడ్. రియోస్టాట్ అయితే మోనో గారి రెసిస్టర్ మాట మళ్లీ నిలబడుతుంది.

ప్యాడ్ శుభ్రం: కాంటాక్ట్ క్లీనర్ ట్రాక్ మీద పడేలా కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్పై సార్లు తిప్పి, ఆరనిచ్చి, మీటర్‌తో నెమ్మదిగా తిప్పుతూ ఓమ్స్ చూడండి. మధ్యలో అంకె ఎగిరితే ట్రాక్ తినేసింది, కొత్త 8 ఓమ్ 15 వాట్ ప్యాడ్ వేయడమే. నూనె వదిలే స్ప్రేలు వద్దు. ఇక్కడి దుమ్ము దానికి పట్టి ఏడాదిలో మళ్లీ గరగర.

చింతాద్రిపేట_పార్ట్స్

రిచీ స్ట్రీట్‌లో (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) ఏం దొరుకుతుందో చెప్తాను. "క్రాసోవర్ కెపాసిటర్" అని అడిగితే చాలా షాపుల్లో చేతికిచ్చేది చిన్న బైపోలార్ (నాన్-పోలార్‌కి ఇంకో పేరు), 50 వోల్ట్, టాలరెన్స్ 20 శాతం. కొనొద్దని కాదు. నాలుగు కావాలంటే పది కొని కొలిచి జత కుదుర్చుకోండి. మీటర్ జేబులో పెట్టుకుని వెళ్లండి, కౌంటర్ మీదే కొలవనిస్తారు. బైపోలార్ లేక రెండు మామూలు ఎలక్ట్రోలైటిక్‌లు మైనస్‌కి మైనస్ కలిపి ఇస్తామంటే, లెక్క గుర్తుంచుకోండి: రెండు 47లు కలిపితే 23.5. తాత్కాలికంగా సరే, ట్వీటర్ దారిలో మాత్రం వద్దు.

3.3కి చవకైన మంచి దారి ఒకటుంది: సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్. 3.15 మైక్రోఫారడ్, 440 వోల్ట్ ఏసీ, ±5 శాతం, లోపల మెటలైజ్డ్ పాలీప్రొపిలీన్. దానికి 0.15 మైక్రోఫారడ్ ఫిల్మ్ ఒకటి ప్యారలల్‌గా వేస్తే 3.30. 2.5 ఫ్యాన్ కెపాసిటర్‌కి 0.82 కలిపినా 3.32 వస్తుంది. కొత్తదే తీసుకోండి. ఫ్యాన్‌లో వాడి తీసినవి విలువ పడిపోయి ఉంటాయి, ఫ్యాన్ నెమ్మదించేది అందుకే.

మిడ్ 22కి ఫిల్మ్ పెట్టాలంటే సైజు చూసుకోండి. పాత బోర్డు మీద కూర్చోదు.

పెరంబూర్_రీక్యాప్

ఫ్యాన్ కెపాసిటర్ హై-ఫైలోనా అని కొందరికి మనసొప్పదు. డైఎలెక్ట్రిక్ (లోపలి ఇన్సులేటింగ్ పొర) అదే, వోల్టేజ్ ఎంతో ఎక్కువ, కొలిచి పెడితే ఏ తప్పూ లేదు. ప్లాస్టిక్ డబ్బా పెద్దది, వైర్లు పొడవు, అంతే. వైర్లు రెండు అంగుళాలకి కత్తిరించండి.

అంబత్తూర్_అకౌస్టిక్

కెపాసిటర్ల దగ్గర 0.3 డెసిబెల్ కోసం ఇంత కొట్లాట, ఫోమ్ దగ్గర ఎవరూ ఆగట్లేదు. అసలు సౌండ్ మారేది అక్కడ. సముద్రం పక్క ఊరు మనది. పాలియెస్టర్ రకం పాలీయూరిథేన్ ఫోమ్ తేమకి తెగిపోతుంది. గాలిలో నీరు దాని ఎస్టర్ బంధాలని కోస్తూ పోతుంది, వాడినా వాడకపోయినా. మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు వచ్చేది ఇక్కడ ఇంకా ముందే పోతుంది. అందుకే నా ఓటు రబ్బరు అంచుకే. ఒక్కసారి వేస్తే మళ్లీ చూడక్కర్లేదు.

అడయార్_ఆల్నికో

ఇక్కడ గట్టిగా కాదంటాను. ఫోమ్ కోసం డిజైన్ చేసిన కోన్‌కి రబ్బరు బరువు. ఉదాహరణకి కదిలే బరువు 30 గ్రాములుంటే, రబ్బరు ఇంకో 5 గ్రాములు కలిపితే వూఫర్ సెన్సిటివిటీ 1.3 డెసిబెల్ పడిపోతుంది. కెపాసిటర్ తేడా కంటే పెద్ద మార్పు అది. మిడ్, ట్వీటర్ ముందుకొచ్చినట్టుంటాయి, మళ్లీ ప్యాడ్‌లు తగ్గించాలి. కోన్ అంచుకి చేరిన కంపనాన్ని ఫోమ్ మింగే తీరు వేరు, రబ్బరు తీరు వేరు. కొన్ని వందల హెర్ట్జ్ నుంచి కిలోహెర్ట్జ్ దాకా గొంతు రంగు మారుతుంది. పదిహేనేళ్లకి ఒకసారి ఫోమ్ మార్చడం పెద్ద శ్రమ కాదు.

అంబత్తూర్_అకౌస్టిక్

సీల్డ్ బాక్స్ కాబట్టి స్టిఫ్‌నెస్ సంగతి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, స్ప్రింగ్ పని ఎక్కువగా లోపలి గాలే చేస్తుంది. బరువు విషయంలో మీరన్నది నిజం, కాదనను. పల్చటి రబ్బరు దొరికితే ఆ తేడా తగ్గుతుంది. దొరక్కపోతే ఫోమే.

ఏదైనా సరే, అతికించే పద్ధతి ఒకటే. తీసుకోవాల్సిన కొలతలు నాలుగు: ఫ్రేమ్ మీద అంచు బయటి వ్యాసం, వంపు బయటి వ్యాసం, వంపు లోపలి వ్యాసం, కోన్ అంచు వ్యాసం. "10 అంగుళాలది" అని చెప్పి కొంటే మూడింట రెండు సార్లు సరిపోదు. పాత ఫోమ్ గీకేటప్పుడు వూఫర్‌ని బోర్లా వంచి పట్టుకోండి, పొడి లోపలికి పోకుండా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిగురు మెత్తబరచి తుడవండి. కాగితం కోన్ తడిసి ముద్దవకుండా కొంచెం కొంచెంగా.

జిగురు: ఫోమ్‌ని కాగితం కోన్‌కి అతికించడానికి తెల్ల ఫెవికాల్ చాలు, సర్దుకోవడానికి టైమ్ ఇస్తుంది. బెక్‌స్ట్రీన్ కోన్ ఉన్న కెఫ్ బీ110 లాంటివాటికి సాల్వెంట్ ఉన్న కాంటాక్ట్ సిమెంట్ పూయకండి, ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. ముందు లోపలి అంచు కోన్‌కి అతికించి ఒక రోజంతా ఆరనివ్వండి, ఐప్పసి (అక్టోబర్-నవంబర్) వానల్లో అయితే రెండు రోజులు. తర్వాత బయటి అంచు. జిగురు ఇంకా పచ్చిగా ఉండగానే 20-30 హెర్ట్జ్ సైన్ టోన్ చిన్నగా పెట్టి, కోన్ కదులుతుంటే చెవి దగ్గర పెట్టి వినండి. గీసుకుంటున్న చప్పుడు వస్తే ఆ వైపు కొంచెం జరపండి. చప్పుడు పూర్తిగా ఆగిన చోట వదిలేసి ఆరనివ్వండి. దీంతో కుదరకపోతే డస్ట్ క్యాప్ కోసి, పాత ఎక్స్-రే ఫిల్మ్ ముక్కలు నాలుగు వాయిస్ కాయిల్‌కీ పోల్‌పీస్‌కీ మధ్య దూర్చి సెంటర్ చేయాలి. బిగించేటప్పుడు వూఫర్‌ని పాత స్థానం నుంచి సగం చుట్టు తిప్పి పెట్టండి. ఇన్నాళ్లు ఒకే వైపు వేలాడిన స్పైడర్ (కోన్‌ని వెనక పట్టి ఉంచే ముడతల గుడ్డ) ఇక రెండో వైపు సర్దుకుంటుంది.

మైలాపూర్_మోనో

చివర్లో 1.5 వోల్ట్ బ్యాటరీతో పోలారిటీ చూడండి. ప్లస్ ప్లస్‌కి తగిలిస్తే కోన్ బయటికి రావాలి. జేబీఎల్ పాతవాటిలో, ఎల్100తో సహా, ఇది తిరగబడి ఉంటుంది, ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే లోపలికి పోతుంది. అది లోపం కాదు, ఆ కంపెనీ పద్ధతి. అలాంటి జతని "సరిచేసి" ఒకటి తిప్పేస్తే బాస్ మాయం.

రెండు స్పీకర్లు సమానమో కాదో చూడ్డానికి ఇంట్లోనే పరీక్ష ఉంది. రెంటినీ ముఖాముఖి కొద్ది అంగుళాల దూరంలో పెట్టి, ఒకదాని వైర్లు తిప్పి, మోనో సిగ్నల్ ఇవ్వండి. ఒకదాన్నొకటి చంపుకోవాలి. ఎంత మిగిలితే అంత తేడా.

నుంగంబాక్కం_నల్

ఈ పరీక్ష వూఫర్‌కి చాలా బాగా పనిచేస్తుంది, కొత్త ఫోమ్ రెండు వైపులా ఒకేలా కూర్చుందో లేదో వెంటనే తెలుస్తుంది. ట్వీటర్‌కి నమ్మొద్దు. 5 కిలోహెర్ట్జ్ దగ్గర అలల పొడవు 7 సెంటీమీటర్లు కూడా ఉండదు, అంగుళం జరిగితే చంపుకోవడం ఉండదు. ట్వీటర్లకి మైక్ కావాలి. ఆర్ఈడబ్ల్యూ (శబ్దం కొలిచే సాఫ్ట్‌వేర్) ఉచితం, కొలత మైక్ ఒకటి అరువు తెచ్చుకున్నా చాలు. ట్వీటర్ ఎదురుగా అర మీటరు, రెండు స్పీకర్లూ గదిలో ఒకే చోట నిలబెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొలవండి, మైక్ జరపకండి. కెపాసిటర్ మార్చే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ప్యాడ్ గీత చూసి కాదు, ఆ గ్రాఫ్ చూసి తిప్పండి. పాత ప్యాడ్‌ల గీతలు రెండు బాక్సుల్లో ఒకే లెవెల్ ఇవ్వవు.

టీనగర్_త్రీవే

అందరికీ చాలా థ్యాంక్స్. ప్యాడ్ వెనక మూడు ట్యాగ్‌లున్నాయి, ఎల్-ప్యాడే. నా నిర్ణయం: ముందు ప్యాడ్‌లు, టెర్మినళ్లు, ఫోమ్. తర్వాత రెండు ట్వీటర్లకీ 3.15 ఫ్యాన్ కెపాసిటర్ + 0.15, రెసిస్టర్ లేకుండా. 33లు అలాగే. 22ల మీద ఇంకా తేల్చుకోలేదు. లోపలి గ్లాస్ వుల్ మార్చాలా?

పెరంబూర్_రీక్యాప్

గ్లాస్ వుల్ మార్చకండి, తడి లేకపోతే అదే బరువు, అదే చోట. చేతికి గ్లవ్స్, మూతికి మాస్క్. 22లకి 10 కిలోహెర్ట్జ్ రీడింగు కూడా తీసి ఇక్కడ పెట్టండి. రెండు వైపులా ఈఎస్ఆర్ 0.3 లోపు వస్తే నేనూ వదిలేయమనే అంటాను, ఇంత దూరం వచ్చాక మొండిపట్టు దేనికి. దాటితే 100 వోల్ట్ నాన్-పోలార్ కొత్తవి.

అడయార్_ఆల్నికో

తీసిన 3.3లు పారేయకండి. ఒక్కోదానికి ఎడమ, కుడి, రీడింగు, తేదీ రాసి కవర్లో వేయండి. రేపు ఆ స్పీకర్లు ఇంకొకరి చేతికి వెళ్తే అసలు విలువ ఏదో వాళ్లకి తెలియాలి.

చింతాద్రిపేట_పార్ట్స్

ఆ కవర్ బాక్స్ లోపల వేయొద్దు, బాస్‌కి గలగలమంటుంది. వెనక ప్యానెల్‌కి బయట టేప్ వేయండి. ఫ్యాన్ కెపాసిటర్‌ని కూడా వేడి జిగురుతో మాత్రమే వదలకండి. మన ఎండకి ఆ జిగురు మెత్తబడి ఊడుతుంది. బోర్డుకి రెండు రంధ్రాలు చేసి కేబుల్ టై బిగించి, కింద చిన్న ఫెల్ట్ ముక్క పెట్టండి.